పరాయి యుద్ధం, సొంత నేల: హుజూర్‌నగర్–సూర్యాపేట ప్రాంతంలో చైనా పాఠం (1941–1951)

ఒక సైన్యం మరో దేశం చేసిన యుద్ధం నుంచి ఏమి నేర్చుకుంటుందన్న ప్రశ్నను సైనిక చరిత్రకారులు సాధారణంగా రాజ్యాల సైన్యాల విషయంలోనే అడుగుతారు. 1904–05 నాటి రష్యా–జపాన్ యుద్ధం అందుకు తరచుగా చూపే ఉదాహరణ. ఐరోపా రాజ్యాలూ, అమెరికా తమ అధికారులను పరిశీలకులుగా మంచూరియాకు పంపాయి. మెషిన్‌గన్ల ధాటినీ, కందకాలనూ, ముళ్లతీగ కంచెలనూ వారు కళ్లారా చూశారు. వివరమైన నివేదికలు రాశారు. పదేళ్లు గడిచాక అవే దేశాల సైన్యాలు మెషిన్‌గన్లకు ఎదురుగా బారులు తీరి నడిచాయి. జపాన్ సైన్యం వెంట ఉండి రెండు సంపుటాల గ్రంథం రాసిన బ్రిటిష్ సేనాని ఇయాన్ హామిల్టనే 1915లో గల్లిపోలి దండయాత్రకు నాయకుడై విఫలుడయ్యాడు. చూపులో లోపం లేదు. చూసినదానిలో తమ పాత నమ్మకానికి బలమిచ్చే అంశాన్ని ఏరుకోవడంలో ఉంది చిక్కు. జపాన్ పదాతులు చివరికి బాయినెట్టుతో గెలిచారన్నది వారికి రుచించింది. ఆ గెలుపుకు చెల్లించిన ప్రాణాల లెక్క రుచించలేదు.

ఇదే ప్రశ్నను రాజ్యం లేని సైన్యాన్ని, అంటే రైతు దళాలను, ఉద్దేశించి అడగవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటం మీద వెలువడిన రచనల్లో ‘చైనా మార్గం’ అన్న మాట విరివిగా కనిపిస్తుంది. విమర్శకులకు అది గుడ్డి అనుకరణ. సమర్థకులకు అది సిద్ధాంత స్పష్టత. ఈ రెండు అభిప్రాయాలూ అసలు విషయాన్ని పక్కకు నెడుతున్నాయని ఈ వ్యాసకర్త భావన. పాత నల్లగొండ జిల్లా తూర్పు అంచున ఉన్న చిలుకూరు, కోదాడ, మునగాల, హుజూర్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, చైనా యుద్ధం నుంచి ఇక్కడివారు ఏమి గ్రహించారు, దేనిని గ్రహించలేదు, వారికి ఎదుట నిలిచిన సైన్యం ఎవరి దగ్గర నేర్చుకుంది అన్న అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు నేల

చిలుకూరు పేరు వినగానే నేటి పాఠకులకు హైదరాబాదు శివారులోని బాలాజీ ఆలయం స్ఫురిస్తుంది. ఇక్కడ ప్రస్తావించే చిలుకూరు అది కాదు. కోదాడకూ హుజూర్‌నగర్‌కూ నడుమ ఉన్న ఈ గ్రామంలో 1941లో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఎనిమిదవ సమావేశం రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన సంస్థ, భాషా సంస్కృతుల రంగం నుంచి వెట్టి, కౌలు, భూమి సమస్యల వైపు నిర్ణాయకంగా మళ్లడానికి చిలుకూరు ఒక మలుపు. మూడేళ్ల తరువాత, 1944లో, భువనగిరిలో మళ్లీ రావి నారాయణరెడ్డే అధ్యక్షుడయ్యేనాటికి ఆ మలుపు పూర్తయింది. సంస్థ రెండుగా చీలింది.

1941 అనే సంవత్సరానికి మరో ప్రాధాన్యం ఉంది. ఆ జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. డిసెంబరులో జపాన్ సేనలు మలయా తీరంలోని కోటబారు వద్ద దిగాయి. అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది నిజాం సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ పదాతిదళం. అది ఆ రాత్రి చెదిరిపోయింది. అంటే నిజాం రాజ్యం అప్పటికే పరాయి యుద్ధంలో ఉంది. దాని ప్రజలు ఆ యుద్ధాన్ని పత్రికల ద్వారా చదువుతున్నారు. 1942 నుంచి విజయవాడలో వెలువడిన ‘ప్రజాశక్తి’ సోవియట్, చైనా రణరంగాల వార్తలను తెలుగులోకి తెచ్చింది. స్టాలిన్‌గ్రాడ్ పేరు చదువురాని రైతుకు సైతం చేరినది ఇలాంటి పత్రికలను నలుగురిలో ఒకరు పైకి చదవగా మిగిలినవారు విన్న పద్ధతిలోనే.

పరదేశపు చరిత్రను తెలుగులో చదవడం ఈ నేలకు కొత్త కాదు. కోదాడకు ఆనుకొని ఉన్న మునగాల పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు. వీరి పూనికతో నడిచిన విజ్ఞాన చంద్రికా గ్రంథమాల తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన ‘అబ్రహాం లింకన్ చరిత్ర’ (1907). అమెరికా అంతర్యుద్ధం తెలుగు పాఠకుడికి అలా చేరింది. తరువాతి తరం చైనాను చదివింది. రెండింటి నడుమ నేరుగా కార్యకారణ సంబంధం ఉందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. పరాయి అనుభవంలో తన పరిస్థితికి పోలిక వెతుక్కునే చదువరితనం మాత్రం ఇక్కడ అప్పటికే ఉంది.

ఈ వ్యాసానికి మునగాల ముఖ్యం కావడానికి కారణం గ్రంథమాల కాదు, భూగోళం. ఆ పరగణా పాలన రీత్యా కృష్ణా జిల్లాలోనిది, మద్రాసు రాష్ట్రానికి చెందినది. చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. 1947 ఆగస్టు 15 తరువాత అది నిజాం భూభాగం నడుమ తేలిన భారత యూనియన్ ద్వీపం అయింది. తూర్పున నందిగామ, జగ్గయ్యపేట వైపు అసలు సరిహద్దు కూతవేటు దూరమే. ఆ సరిహద్దు వెంబడి కాంగ్రెసు శిబిరాలు, కమ్యూనిస్టు శిబిరాలు రెండూ వెలిశాయి. చిలుకూరులోనో, కోదాడలోనో రజాకార్ల దాడి జరిగితే నిజాం పోలీసు చట్టప్రకారం అడుగు పెట్టలేని నేల ఒక రాత్రి నడకలో ఉంది.

వడిసెల నుంచి దళం దాకా

సాయుధ ప్రతిఘటన చైనా పుస్తకంతో మొదలు కాలేదు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించినప్పుడు జనం చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. సంఘం వాలంటీర్లను శత్రువులు ‘గుత్పల సంగం’ అన్నారు. గుత్ప అంటే దుడ్డుకర్ర. అణా చందా చీటీని బట్టి ‘చీటీల సంగం’ అన్న పేరు వచ్చింది. స్త్రీలు కారంపొడి, రోకలి పట్టారు. తుపాకులు వచ్చాక కూడా మొదట వచ్చినవి ‘బర్మార్లు’, అంటే గొట్టం ముందునుంచి మందు కూరే నాటు తుపాకులు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చేనాటికి ఈ ప్రతిఘటన ఏడాది పైబడిన అనుభవం గడించింది.

ఈ పోరాట భాషలో రెండు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. గుత్ప, వడిసెల, బర్మారు, గడీ, సంగం, ఎత్తిపోత ఒక పొర. గెరిల్లా, దళం, కమాండర్, కొరియర్, డెన్, ఏరియా కమిటీ, జోన్ మరో పొర. మొదటిది ఊరి మాట; దాని వెనుక ఏ పుస్తకమూ లేదు. రెండవది ఇంగ్లీషు ద్వారానో, పార్టీ పత్రాల ద్వారానో వచ్చింది. ‘గెరిల్లా’ అన్న మాట నెపోలియన్ సేనలను స్పెయిన్ రైతులు ఎదిరించిన కాలపు స్పానిష్ మాట. సోవియట్, చైనా వార్తలతో తెలుగులో స్థిరపడింది. ‘దళం’ సంస్కృతంలో పాతదే అయినా, పదిమంది సాయుధులుండే సంచార బృందం అన్న ప్రత్యేకార్థం దానికి ఈ పోరాటంలోనే రూఢి అయింది. పదజాలంలో మొదటి పొర ముందు, రెండవ పొర తరువాత రావడం గమనించదగినది. చేసిన పనికి తరువాత దొరికిన పేరు అది.

పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్కల ప్రకారం గ్రామ దళాలలో సుమారు 10,000 మంది, సంచార గెరిల్లా దళాలలో సుమారు 2,000 మంది ఉన్నారు. దాదాపు 3,000 గ్రామాలలో సంఘం పాలన సాగింది. 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. ఇవి పోరాట నాయకుడు ఇచ్చిన అంకెలని గుర్తుంచుకుంటూనే, పోరాటం విస్తృతిని గ్రహించడానికి వీటిని ఆధారం చేసుకోవచ్చు. రోడ్లు తవ్వడం, చెట్లు నరికి అడ్డం వేయడం, టెలిఫోను తీగలు తెంచడం, దేశముఖుల పత్రాలు తగలబెట్టడం, ఒంటరి పోలీసు ఠాణాను రాత్రివేళ ముట్టడించడం ఈ దళాల పని. సూర్యాపేట తాలూకాలో భీమిరెడ్డి నరసింహారెడ్డి నాయకత్వంలో ఇవి నిజాం పోలీసులను, రజాకార్లను ఊళ్లలో నిలవనీయలేదు. ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తలకు ప్రభుత్వం 10,000 రూపాయల వెల కట్టింది.

చైనాలో పోలిక దొరకడం

1948లో ఆంధ్ర రాష్ట్ర కమిటీ కేంద్ర నాయకత్వానికి పంపిన పత్రం ‘ఆంధ్ర థీసిస్’ పేరుతో ప్రసిద్ధం. భారత విప్లవం రష్యా విప్లవం కన్నా చైనా విప్లవానికి దగ్గరగా ఉంటుందని అది వాదించింది. పట్టణాలలో సార్వత్రిక సమ్మె, ఆ వెంటనే తిరుగుబాటు అన్న క్రమం ఇక్కడ చెల్లదు. పల్లెల్లో భూమి కోసం మొండిగా, దీర్ఘకాలం సాగే ప్రతిఘటనే అధికారానికి దారి అని దాని సారాంశం. మావో 1940లో రాసిన ‘నవ ప్రజాస్వామ్యం’ దానికి ఆధారం. ధనిక రైతును శత్రువు పక్షంలోకి నెట్టరాదన్న అంశం కూడా అక్కడిదే. కేంద్ర నాయకుడు బి.టి. రణదివే దీన్ని తిరస్కరించారు. 1949 జూలైలో పార్టీ సిద్ధాంత పత్రికలో మావోనే నేరుగా విమర్శించారు. మూడు నెలలు తిరగకుండా అక్టోబరు 1న పెకింగులో జనచైనా ప్రకటన వెలువడింది. 1950 జనవరి 27న కొమిన్‌ఫారం పత్రిక సంపాదకీయం చైనా మార్గాన్ని ఆసియా దేశాలకు ఆదర్శంగా చూపింది. ఆ ఏడాది మధ్యలో చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. తెలంగాణ వాదం గెలిచిందన్నమాట. అయితే ఆ గెలుపు పల్లెలో కాక పత్రికా పుటలలో, అదీ రెండేళ్లు ఆలస్యంగా దక్కింది.

అనుకరణ అన్న ఆరోపణ ఇక్కడ నిలవదు. కడవెండి ఘటన 1946 నాటిది, థీసిస్ 1948 నాటిది. తాము చేస్తున్నదానికి పోలిక వెతికినవారికి చైనా దొరికింది. పరాయి యుద్ధాన్ని చదవడంలో ఇది మంచి పద్ధతే. హామిల్టన్ కాలపు పరిశీలకులకు లేని సౌలభ్యం కూడా. వారు తాము ఎన్నడూ చేయని యుద్ధాన్ని చూశారు. వీరు తాము చేస్తున్న యుద్ధానికి దర్పణం చూసుకున్నారు.

దర్పణంలో ఒక భాగం మాత్రం కనబడలేదు. 1928లో మావో ఒక ప్రశ్న వేసుకున్నాడు: చుట్టూ తెల్ల ప్రభుత్వం ఉండగా చిన్న ఎర్ర ప్రాంతాలు ఎలా బతకగలుగుతున్నాయి? ఆయన చెప్పిన కారణాలలో ప్రధానమైనది యుద్ధప్రభువుల మధ్య ఎడతెగని చీలిక. ఎర్ర స్థావరాలు చాలావరకు రాష్ట్రాల పొలిమేరల్లో, ఒక పాలకుడి పట్టు సడలి మరొకడి పట్టు బిగియని చోట పుట్టాయి. 1935 తరువాత యెనాన్ స్థావరానికి పెట్టిన పేరే ‘సరిహద్దు ప్రాంతం’. మూడు రాష్ట్రాల అంచులు కలిసే చోటు అది. 1937 తరువాత జపాన్ దండయాత్ర ఆ చీలికను మరింత పెంచింది. చైనా గెరిల్లా యుద్ధంలో దళాల నేర్పు ఎంతో, రెండు రాజ్యాల నడుమ ఉన్న ఆ సందు అంత.

తెలంగాణకు అటువంటి సందు 1947 ఆగస్టు 15న దొరికింది. యూనియన్‌లో చేరడానికి నిజాం నిరాకరించాడు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ పదమూడు నెలల్లో కోదాడ–మునగాల–నందిగామ సరిహద్దు ఒక వెన్నుదన్ను అయింది. ఆయుధాలు, ఔషధాలు, కరపత్రాలు, గాయపడినవారు ఆ దారినే నడిచారు. మద్రాసు ప్రభుత్వం 1948 నుంచి కృష్ణా జిల్లాలో కమ్యూనిస్టుల మీద విరుచుకుపడింది, నిజమే. అయినా రెండు ప్రభుత్వాలూ ఒకదాని పోలీసును మరొకటి తన నేల మీదికి రానీయవు కదా. పోరాటం అత్యంత విస్తృతి పొందిన కాలం, ఈ సందు తెరుచుకొని ఉన్న కాలం ఒకటే. దళాల శౌర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. విజయానికి కారణాలు లెక్కించేటప్పుడు గెలిచినవారు తమ నేర్పును ముందు లెక్కిస్తారు. నేల ఇచ్చిన సాయాన్ని చివరికి గాని తలచుకోరు.

సెప్టెంబరు 13

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున ఆ సందు మూసుకుపోయింది. భారత సైన్యం ప్రధాన దాడి పడమట షోలాపూర్ నుంచి మేజర్ జనరల్ జయంతనాథ చౌదరి నాయకత్వంలో సాగింది. తూర్పు దాడి విజయవాడ దారిన మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో వచ్చింది. రుద్ర మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో సిపాయిగా పోరాడినవాడు. ఆ ఉదయం కోదాడ, మధ్యాహ్నానికి మునగాల, మరునాడు సూర్యాపేట. నిజాం అశ్విక దళాల సాయుధ శకటాలను టెంపెస్టు విమానాలు చెదరగొట్టాయి. వెనుదిరిగిన నిజాం సైన్యం మూసీ వంతెనను కూల్చి నార్కట్‌పల్లి దగ్గర నిలవబోయింది. 17న నిజాం లొంగిపోయాడు. కోటబారులో చెదిరిన సైన్యం ఏడేళ్ల తరువాత కూడా దారి వెంట నిలకడ స్థానాలు పట్టుకొని కూర్చునే యుద్ధమే చేసింది. అవతలివారు బర్మా రంగంలో విమానం, శకటం, పదాతి కలిసి కదలడం నేర్చుకొని వచ్చారు. ఆ ఐదు రోజుల గురించి ఇంతకన్నా చెప్పవలసింది తక్కువ.

దళాలకు అసలు ప్రశ్న 18వ తేదీన మొదలైంది. ఇంతవరకు ఎదురుగా ఉన్నది ప్రజలు ద్వేషించే రజాకారు, జీతం సరిగా అందని నిజాం పోలీసు. ఇప్పుడు వచ్చింది జనం పూలమాలలతో స్వాగతం చెప్పిన సైన్యం. ఏడాది క్రితం స్వాతంత్ర్యం తెచ్చిన ప్రభుత్వపు సైన్యం. చైనాలో చాంగ్ కై షేక్ సైన్యం ఆ సమయానికి ద్రవ్యోల్బణంతో, బలవంతపు భర్తీతో, ఓటమితో లోలోపల కుళ్లుతున్నది. రెండింటికీ పోలిక లేదు. సరిహద్దు లేదు, మునగాల ఇప్పుడు ద్వీపం కాదు, సైన్యం నడిచే దారి మీది ఊరు. చైనాను చదివినవారు మావో 1928 ప్రశ్నను మళ్లీ వేసుకోవలసిన రోజు అది. ‘ఎర్ర ప్రాంతం ఇక్కడ ఎందుకు బతికింది?’ అన్న ప్రశ్నకు అంతవరకు ఉన్న జవాబు ఐదు రోజుల్లో చెల్లకుండా పోయింది.

వేసుకున్నది మరో ప్రశ్న: కొండలు లేని చోట స్థావరం ఎక్కడ? చిలుకూరు, హుజూర్‌నగర్ ప్రాంతం చెరువులు, వరిమడులు, రాతి బోళ్లు ఉన్న మైదానం. సైనిక లారీ ఊరూరికీ రాగలదు. దళాలు కృష్ణ వెంబడి నల్లమల వైపు, ఉత్తరాన గోదావరి అడవుల వైపు తరలాయి. చైనా కొండలకు తెలంగాణ అడవి అనువాదమైంది. అనువాదంలో నష్టం జరిగింది. యెనాన్ కొండల్లో పంట పండించే రైతులున్నారు, ఆ స్థావరం లక్షల మంది జనంతో నిండినది. నల్లమలలో, పాల్వంచ అడవిలో జనం పలుచన; దళాన్ని పోషించవలసిన వరి మైదానంలోనే ఉండిపోయింది. మైదానం వదిలితే పంచిన భూమికి కాపలా ఎవరన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది. భూమి పొందిన రైతు ఊళ్లో, అతని తుపాకి అడవిలో.

ఆ అడవి జీవితం ఎలాంటిదో 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చెప్పినంత సూటిగా సైద్ధాంతిక పత్రాలు చెప్పవు. అందులో మాట్లాడిన స్త్రీలకు పోరాటమంటే ప్రధానంగా డెన్లు మార్చడం, ఆకలి, జ్వరం, అడవిలో పురుడు. దళం కదలిక బయటపడుతుందని కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి వాంగ్మూలం అందులో ఉంది. స్థావర ప్రాంతం అన్న సైనిక పదానికి ఆ తల్లి చెల్లించిన మూల్యం ఏ థీసిస్‌లోనూ చేరలేదు. వ్యూహ చర్చకు అది వెలుపలి విషయమని అనుకోవడం పొరపాటు. వెన్నుదన్ను లేని గెరిల్లా యుద్ధం అంటే ఏమిటో ఆ ఒక్క వాంగ్మూలం తెలుపుతుంది.

ఎదుటి సైన్యం చదువు

ఎదుటి పక్షం కూడా నేర్చుకుంది. చుట్టుముట్టి సోదాలు, ఊరి వెలుపల శిబిరాలు, గోదావరి అడవుల్లో కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒకచోట చేర్చడం, ఇవన్నీ సుందరయ్య గ్రంథంలో విస్తారంగా ఉన్నాయి. సుమారు 4,000 మంది ప్రాణాలు కోల్పోయారనీ, 10,000 మందికి పైగా నిర్బంధంలో గడిపారనీ ఆయన లెక్క. గూడేల తరలింపును పోరాట సాహిత్యం మలయాలోని ‘బ్రిగ్స్ పథకం’తో పోల్చింది. పోలిక సహజమే. మలయాలో 1948 జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అడవి అంచుల చైనీయులను లక్షల సంఖ్యలో ‘కొత్త గ్రామాల’కు తరలించారు. చేపను పట్టలేకపోతే నీటిని తోడేయడం అన్నది మావో ఉపమానాన్నే తిరగేసి చదివిన చదువు.

కాలక్రమం చూస్తే ఇది ఇంకొంచెం చిక్కని విషయం. సర్ హెరాల్డ్ బ్రిగ్స్ మలయాకు వచ్చింది 1950 ఏప్రిల్‌లో. అప్పటికి తెలంగాణలో సైనిక చర్య ఏడాదిన్నరగా నడుస్తున్నది. సైనిక గవర్నరుగా చౌదరి పదవీకాలం 1949 డిసెంబరుతో ముగిసింది. కాబట్టి మలయా నుంచి తెలంగాణ నేర్చుకున్నదనడం కన్నా రెండూ ఒకే బడిలో చదివాయనడం సమంజసం. బ్రిగ్స్ బ్రిటిష్ భారత సైన్యపు అధికారి. బర్మా రంగంలో 5వ భారత డివిజన్‌కు నాయకత్వం వహించాడు. చౌదరి ఆఫ్రికా రంగంలో పనిచేసినది ఆ 5వ డివిజన్‌లోనే. ఇంకా వెనక్కి వెళితే, 1899–1902 బోయర్ యుద్ధంలో రైతు కుటుంబాలను కంచె శిబిరాలకు తరలించిన కిచెనర్, యుద్ధం ముగిసిన ఏడాదే భారత సర్వసేనానిగా వచ్చి 1909 దాకా ఆ సైన్యాన్ని పునర్నిర్మించాడు. స్వతంత్ర భారత సైన్యం పరాయి దేశపు పాఠం నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది. ఆ పాఠం దానికి వారసత్వంగానే వచ్చింది. వలస సైన్యపు విద్య స్వతంత్ర దేశపు పౌరుల మీద ప్రయోగమవడం గురించి మన చరిత్ర రచన ఇంకా తగినంతగా మాట్లాడలేదు.

అయితే పాలకులు తుపాకితోనే ఆగలేదు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది. భూమి సమస్య తాకకుండా ఈ పోరాటం చల్లారదన్న సంగతిని పాలకులకు నేర్పినది మలయా కాదు, నల్లగొండ.

మాస్కోలో పాఠం దిద్దడం

1951 ఫిబ్రవరిలో అజయ్ ఘోష్, ఎస్.ఎ. డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య రహస్యంగా మాస్కో చేరి స్టాలిన్‌ను కలిశారు. తరువాత బయటపడిన ఆ సమావేశ వివరాలలో అతని వాదన సైనికమైనది. చైనా గెరిల్లాలు చివరికి మంచూరియా చేరి సోవియట్ యూనియన్‌ను వెన్నుదన్నుగా చేసుకున్నారు. మీకు అటువంటి సరిహద్దు లేదు. చైనాలో లేనంత రైలు వ్యవస్థ భారతదేశంలో ఉంది. గెరిల్లాలను సులువుగా చుట్టుముట్టవచ్చు. ఆ తరువాత వెలువడిన విధాన పత్రం రష్యా మార్గాన్నీ, చైనా మార్గాన్నీ యథాతథంగా తీసుకోలేమని తేల్చింది. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించారు.

వెన్నుదన్ను గురించిన ఆ పాఠం కోసం మాస్కో దాకా పోవలసి రావడం ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే అంశం. అది కోదాడ దగ్గర 1948 సెప్టెంబరులోనే కళ్లెదుట జరిగింది. చదవవలసిన యుద్ధం చైనాది కాదు, తమదే. రెండు రాజ్యాల సందున తాము నిలబడ్డ పదమూడు నెలలను ఒక యుద్ధంగా విడదీసి పరిశీలించి ఉంటే, ఆ సందు మూసుకున్నాక మిగిలేది ఏమిటో దళాల నాయకులకు ముందే తెలిసేది. అలా విడదీసి చూసినవారు లేరని కాదు. యూనియన్ సైన్యాలు వచ్చాక సాయుధ పోరాటం కొనసాగించడం తప్పని రావి నారాయణరెడ్డి వాదించారు. ఆ వాదనకు ఆయన పార్టీలో విలువ దక్కలేదు.

ఒకే యుద్ధాన్ని ముగ్గురు మూడు విధాలుగా చదివిన తీరు వారి గ్రంథాలలో నిలిచింది. రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ’కు 1948 సెప్టెంబరు ఒక ముగింపు. సుందరయ్యకు అది పంచిన భూమిని కాపాడుకునే యుద్ధానికి ఆరంభం. వెంటనే దించివేస్తే రైతును దేశముఖుకు అప్పగించినట్టేనన్నది ఆయన సమాధానం. ఆ సమాధానాన్ని తేలికగా కొట్టివేయలేము. వ్యూహం రీత్యా ఓడిన ఆ మూడేళ్ల ప్రతిఘటన లేకుంటే పంచిన భూమిలో ఎంత రైతు చేతిలో మిగిలేదన్నది అడగవలసిన ప్రశ్నే. సూర్యాపేట ప్రాంతం నుంచి వచ్చిన దేవులపల్లి వెంకటేశ్వరరావుకు చైనా మార్గం చెల్లనిది కాదు, మధ్యలో విడిచిపెట్టినది, విరమణే ద్రోహం. ఆయన చదువు 1967 తరువాతి విప్లవ రాజకీయాలలోకి ప్రవహించింది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో, హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండగా, ప్రజా ప్రజాస్వామిక ఫ్రంటు అభ్యర్థిగా నిలిచిన రావి నారాయణరెడ్డికి నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గం జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు ఇచ్చింది. అప్పటికి ఆయన చిలుకూరు అధ్యక్ష పీఠం దిగి పదకొండేళ్లు.